అరకుకు రైల్లో ఎక్కండి, కారులో దిగండి: పెద్దవాళ్లు, చిన్న పాపతో వెళ్లేవాళ్లకు

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. హైదరాబాద్ నుంచి ఐదుగురు అరకు వెళ్లాలనుకుంటున్నారు. నాన్నగారికి మోకాళ్ల నొప్పులు. ఆరేళ్ల పాపకు కారెక్కితే వాంతులు. డిసెంబరు చివరి వారంలో నాలుగు రోజులు సెలవు పెట్టుకున్నారు. రాత్రి రైల్లో తెల్లారేసరికి విశాఖ చేరి, దిగిన వెంటనే అరకు రైలు పట్టుకోవచ్చా, లేక స్టేషన్ నుంచే కారు మాట్లాడుకోవాలా అన్నది మీ సందేహం.

ముందు సూటిగా జవాబు చెప్తాను. ఎక్కేటప్పుడు రైలు, దిగేటప్పుడు కారు. ముందు రోజు రాత్రి విశాఖలోనే పడుకోండి. డిసెంబరు 24 నుంచి జనవరి 2 దాకా మాత్రం అరకు పెట్టుకోకండి. కుదిరితే డిసెంబరు రెండో వారంలో సోమవారం నుంచి గురువారం లోపు వెళ్లండి. అది కుదరకపోతే సంక్రాంతి హడావిడి తగ్గాక జనవరి చివర్లో వెళ్లండి.

నేను విశాఖలో ట్రావెల్స్ బండి నడపడం మొదలుపెట్టి ఇరవై ఏళ్లు దాటింది. ఇప్పుడు సొంతంగా మూడు బళ్లున్నాయి. అరకు ఘాట్ ఎన్నిసార్లు ఎక్కి దిగానో లెక్క లేదు. కారు నడిపి బతికేవాణ్ని అయినా, చిన్నపిల్లలతో వచ్చేవాళ్లకు వెళ్లేటప్పుడు రైలే ఎక్కమని చెప్తాను. కారణం మీ పాపే.

శృంగవరపుకోట, అంటే మేం ఎస్.కోట అనేది, దాటి బొడ్డవర, కాశీపట్నం వరకూ రోడ్డు మామూలే. ఆ తర్వాత ఘాట్ మొదలవుతుంది. అక్కడి నుంచి అనంతగిరి మీదుగా సుంకరిమెట్ట దాకా బండి ఒకసారి ఇటు, ఒకసారి అటు తిరుగుతూనే ఉంటుంది. పెద్దవాళ్లకే కడుపులో తిప్పుతుంది. తెల్లవారుజామున రైలు దిగి, నిద్ర చాలక, ఖాళీ కడుపుతోనో లేకపోతే స్టేషన్ బయట పూరీ తినో వెంటనే ఘాటెక్కిన పిల్లలు అనంతగిరి చేరేలోపు వాంతి చేసుకోవడం నేను లెక్కలేనన్నిసార్లు చూశాను. ఆ తర్వాత ఆ రోజంతా పాప నీరసంగా తల్లి ఒళ్లోనే ఉంటుంది. ఇంట్లోవాళ్లకు ఆ రోజు అరకు చూసిన తృప్తి ఉండదు. రైలు కూడా మలుపులు తిరుగుతుంది కానీ నిదానంగా, పెద్ద వంపులో తిరుగుతుంది. పాప లేచి నిలబడొచ్చు, నడవొచ్చు, బాత్రూమ్‌కి వెళ్లొచ్చు. నాన్నగారు కూడా మోకాళ్లు మడిచి నాలుగు గంటలు కారు వెనక సీట్లో ఇరుక్కోనక్కర్లేదు.

రైలు సంగతి. విశాఖ నుంచి అరకు మీదుగా ఛత్తీస్‌గఢ్‌లోని కిరండూల్ వెళ్లే పగటి పాసింజర్ ఉదయం ఏడు కాకముందే కదులుతుంది. పదకొండు ప్రాంతంలో అరకు చేరాలి. సుమారు 130 కిలోమీటర్లకు నాలుగు గంటలు పడుతుంది. ఇంత నిదానమేంటి అని చాలామంది అడుగుతారు. ఈ లైను మనుషుల కోసం వేసింది కాదు. 1960లలో బైలడిల్లా కొండల నుంచి ఇనుప ఖనిజాన్ని విశాఖ పోర్టుకు దించి, జపాన్‌కు పంపడానికి వేసిన లైను ఇది. ఈ రోజుకీ ఖనిజం గూడ్సులు తిరుగుతూనే ఉంటాయి. సింగిల్ లైను ఉన్నచోట ఎదురుగా గూడ్సు వస్తే మీ బండి ఏదో చిన్న స్టేషన్లో ఆగి దారి ఇవ్వాల్సిందే. కొత్తవలస, కోరాపుట్ మధ్య రెండో లైను పనులు కూడా జరుగుతున్నాయి. వాటివల్ల అప్పుడప్పుడు బండిని రద్దు చేస్తారు, లేదా సగం దూరమే నడుపుతారు. అందుకే టికెట్ చేతిలో ఉన్నా రెండు రోజుల ముందు, మళ్లీ ముందు రాత్రి, బండి నడుస్తోందో లేదో ఫోన్లో చూసుకోండి.

శివలింగపురం దాటాక అసలు దారి మొదలవుతుంది. ఈ లైను మొత్తం మీద 58 సొరంగాలున్నాయని చెప్తారు. వాటిలో చాలా మీకు అరకు చేరేలోపే వచ్చేస్తాయి. మొదటి సొరంగంలో బండి దూరగానే పెట్టెలో పిల్లలంతా ఒక్కసారిగా కేకలు పెడతారు. బయటికి రాగానే కళ్లు చికిలిస్తారు. ఇంకో రెండు నిమిషాల్లో మళ్లీ చీకటి, మళ్లీ కేకలు. నా మనవడు ఎన్ని సొరంగాలు దాటామో వేళ్ల మీద లెక్కపెడుతూ ఇరవై దగ్గర తప్పిపోయి, మొదటి నుంచి లెక్కపెడదాం తాతా అని నా చెయ్యి పట్టుకుని లాగాడు. టైడా, చిమిడిపల్లి, బొర్రా గుహలు, కరకవలస, ఇలా స్టేషన్లు వస్తుంటాయి. కరకవలస తర్వాత శిమిలిగుడ. సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తు. అక్కడ బోర్డు మీద ఆ అంకె చూసి ఫొటో తీసుకోనివాళ్లుండరు. పొద్దున విశాఖలో బయలుదేరినప్పుడు సముద్రం పక్కనున్న ఊరు. నాలుగు గంటల్లో ఒంటికి చల్లగా తగులుతుంది.

అద్దాల పెట్టె గురించి అడిగారు. దాన్ని విస్టాడోమ్ అంటారు. 2017లో మొదలైంది. పైకప్పులో కూడా అద్దాలుంటాయి, కుర్చీలు ఎటైనా తిప్పుకోవచ్చు. అందువల్ల ఏ వైపు సీటు దొరికిందన్న టెన్షన్ అక్కర్లేదు. సీట్లు తక్కువ. ఇప్పుడు రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తున్నారు కాబట్టి తెరిచిన రోజునే తీసుకోండి. దొరకలేదని బాధపడొద్దు. మామూలు రిజర్వుడు పెట్టెలో కిటికీ తెరుచుకుంటుంది, అడవి వాసన వస్తుంది. నన్నడిగితే పాపకు అదే ఎక్కువ నచ్చుతుంది. కానీ కిటికీ దగ్గర చెయ్యి బయట పెట్టనివ్వకండి. సొరంగం గోడ చాలా దగ్గరగా వెళ్తుంది. ముసలివాళ్లతో జనరల్ పెట్టె మాత్రం వద్దు. సెలవు రోజుల్లో నిలబడటానికి కూడా చోటుండదు.

రాత్రి రైలు దిగి అదే పొద్దున అరకు రైలు పట్టుకోవచ్చా? కాగితం మీద కుదురుతుంది. మీరు చెప్పిన రాత్రి రైలు ఆరు లోపు రావాలి, అరకు రైలు ముప్పావు గంట తర్వాత. కానీ ఆ ముప్పావు గంట మీద నాలుగు రోజుల ప్రయాణం పెట్టొద్దు. ఒక సంక్రాంతి ముందు మా బండి మాట్లాడుకున్న నిజామాబాద్ కుటుంబం ఇలాగే చేసింది. వాళ్ల రైలు విశాఖకు ముందు వచ్చే దువ్వాడ దగ్గర బయటే ఆగిపోయింది. అరకు రైలు కదిలిన పది నిమిషాలకు వీళ్లు ప్లాట్‌ఫాం మీద దిగారు. పెద్దాయన చేతిలో ఆ అద్దాల పెట్టె టికెట్లు అలాగే ఉన్నాయి. మనవళ్ల కోసం రెండు నెలల ముందు తీసుకున్నవి. నేను కారులో తీసుకెళ్లాను, పిల్లలు దారంతా ఏడ్చారు. ఆయన ముందు సీట్లో కూర్చుని నాతో ఒక్క మాట మాట్లాడలేదు. అందుకే ఇంతగా చెప్తున్నాను.

మీకు మంచి మార్గం ఉంది. మధ్యాహ్నం మూడు గంటలకు సికింద్రాబాద్‌లో బయలుదేరే వందే భారత్ రాత్రి పదకొండున్నర ప్రాంతంలో విశాఖ చేరుస్తుంది. వారంలో ఒక రోజు నడవదు, అది చూసుకోండి. స్టేషన్ దగ్గరే గది తీసుకుని ఐదు గంటలు పడుకోండి. లేదా ముందు రోజు పొద్దున్నే విశాఖ వచ్చి ఆ పూట రామకృష్ణా బీచ్, కైలాసగిరి చూసుకుని తొమ్మిదికి పడుకుంటే పాపకు ఇంకా మంచిది. కైలాసగిరి మీదకు రోప్‌వే ఉంది కాబట్టి నాన్నగారికీ ఇబ్బంది లేదు.

విశాఖ కాంప్లెక్స్ నుంచి ఆర్టీసీ బస్సులు కూడా అరకు వెళ్తాయి. ఖర్చు తక్కువ, డ్రైవర్లకు ఆ రోడ్డు కొట్టిన పిండి. కుర్రాళ్లయితే హాయిగా వెళ్లండి అంటాను. మీకు వద్దు, పాప కోసం అడిగినప్పుడల్లా బస్సు ఆపలేరు కదా.

దిగేటప్పుడు కారు ఎందుకు? తిరుగు రైలు మధ్యాహ్నం అరకు వస్తుంది. ఆలస్యమైతే ఇంకా పొద్దుపోయాకే. డిసెంబరులో ఐదున్నరకే సూర్యుడు దిగిపోతాడు. ఘాట్ సగం చీకట్లోనే దిగుతారు, ఏమీ కనిపించదు. పైగా చూడాల్సినవన్నీ ఆ రోడ్డు మీదే ఉన్నాయి. సుంకరిమెట్ట కాఫీ తోటలు, గాలికొండ వ్యూ పాయింట్, అనంతగిరి, పక్కకు తిరిగితే బొర్రా గుహలు. అవన్నీ ఆగి చూసుకుంటూ రావాలంటే సొంత బండే కావాలి. పాప సంగతి కూడా దిగేటప్పుడు తేలికే. మధ్యమధ్యలో ఆగుతూ వస్తారు కాబట్టి కడుపు కుదుటపడుతుంది.

ఏర్పాటు ఇలా చేసుకోండి. కారు డ్రైవర్ని చివరి రోజు పొద్దున అరకు రమ్మనండి, లేదా మొదటి రోజే సామానుతో పైకి పంపి మూడు రోజులూ దగ్గర ఉంచుకోండి. రెండోది ఖర్చే, కానీ నాన్నగారిని ప్రతి చోటికీ ఆటో కోసం నిలబెట్టక్కర్లేదు. ఐదుగురికి సామానుతో ఏడు సీట్ల బండి తీసుకోండి. అరకు నుంచి ఉదయం తొమ్మిదికల్లా బయలుదేరాలి. సాయంత్రం ఐదు లోపు కాశీపట్నం దాటి కింద ఉండాలి. ఇందులో బేరం లేదు.

ఎందుకంత గట్టిగా చెప్తున్నానంటే, 2021 ఫిబ్రవరిలో హైదరాబాద్ నుంచి వచ్చిన యాత్రికుల బస్సు అరకు చూసుకుని దిగుతూ, చీకటి పడ్డాక డముకు దగ్గర లోయలో పడింది. నలుగురు పోయారు. ఆ మలుపు దాటినప్పుడల్లా నాకు అది గుర్తొస్తుంది. కొత్త డ్రైవరు, అలసట, చీకటి, మంచు, ఈ నాలుగింట్లో ఏ రెండు కలిసినా ఘాట్ ప్రమాదమే. వీధి దీపాలుండవు. కొన్నిచోట్ల ఫోన్ సిగ్నల్ కూడా ఉండదు.

సొంత కారులో హైదరాబాద్ నుంచే డ్రైవ్ చేసుకుని వద్దామనుకునేవాళ్లకు ఒక మాట. ఎక్కడం కష్టం కాదు, దిగడమే. ఏ గేరులో ఎక్కారో దాదాపు ఆ గేరులోనే దిగాలి. సెకండ్ గేరు, అవసరమైతే ఫస్టు. ఒకసారి అనంతగిరి కింద మలుపులో ఒక కారు పక్కకు ఆగి ఉంది. నేను దిగి వెళ్లేసరికి రబ్బరు కాలిన వాసన ముక్కుకు కొట్టింది. ముందు చక్రం దగ్గర చెయ్యి పెట్టలేనంత వేడి, సన్నగా పొగ. ఆ అబ్బాయి పైనుంచి మొత్తం బ్రేకు మీదే కాలు పెట్టి దిగాడు. బ్రేకు గట్టిగా నొక్కినా బండి ఆగట్లేదని వణుకుతూ చెప్పాడు. అదృష్టం, అక్కడ రోడ్డు కాస్త ఎత్తుకు ఉండి ఆగింది. ముప్పావు గంట అలాగే వదిలేయమన్నాను. చక్రం మీద నీళ్లు పోయబోతుంటే ఆపాను. అంత వేడి మీద చన్నీళ్లు పడితే డిస్కు వంకరపోతుంది. చల్లారాక సెకండ్ గేరులో నా బండి వెనకే మెల్లగా దించుకొచ్చాను. న్యూట్రల్‌లో పెట్టి పెట్రోలు మిగిల్చే అలవాటు ఉంటే ఈ రోడ్డు మీద మర్చిపోవాలి. పెట్రోలు ఎస్.కోటలోనే నింపుకోండి.

ఎప్పుడు వెళ్లాలి? డిసెంబరు చివరి వారం ఎందుకు వద్దన్నానో చెప్తాను. చలి, మంచు బాగుంటాయి, అది నిజం. కానీ ఆ వారం విశాఖ జిల్లా, హైదరాబాద్, కోల్‌కతా అన్నీ అరకులోనే ఉంటాయి. గది రేట్లు రెండింతలు, మూడింతలు. ఒక డిసెంబరు 31 సాయంత్రం సుంకరిమెట్ట కింద మూడు గంటలు బండి కదల్లేదు. నా బండిలో షుగరున్న పెద్దావిడ ఉంది. బాత్రూమ్‌కి వెళ్లడానికి చోటు లేక ఆమె పడిన అవస్థ చూసి, ఆ వారం పెద్దవాళ్లున్న బుకింగులు తీసుకోవడం మానేశాను. మీ పాప ఒకటో తరగతే కదా, రెండో వారంలో నాలుగు రోజులు బడి మానినా పోయేదేమీ లేదు. అదే చలి, అదే మంచు, సగం జనం.

నవంబరు కూడా చక్కటి నెల. వలిసె పూలు పూసి పొలాలు పసుపు ఆరబోసినట్టుంటాయి. కానీ అది కార్తీకం. ఆదివారాలు విశాఖ, విజయనగరం వాళ్లంతా వనభోజనాలకు ఇటే వస్తారు. నవంబరులో వచ్చేవాళ్లు మంగళ, బుధ, గురువారాలు చూసుకోవాలి. సంక్రాంతి పండక్కి ముందూ వెనకా నాలుగైదు రోజులు రైళ్లు ఖాళీ ఉండవు కాబట్టి అరకు ఆలోచనే వద్దు.

వానాకాలం గురించి మీరు అడగలేదు కానీ చాలామందికి ఆ ఆశ ఉంటుంది. జూలై నుంచి సెప్టెంబరు వరకూ ఉన్నంత పచ్చగా కొండలు మరెప్పుడూ ఉండవు. కటికి జలపాతం నిండుగా దూకుతుంది. కానీ గట్టి వాన పడితే పట్టాల మీద, రోడ్డు మీద బండరాళ్లు జారిపడతాయి, రైళ్లు ఆగిపోతాయి. తిరుగు టికెట్టు ఒక రోజు అటూ ఇటూ అయినా ఫర్వాలేదనుకునేవాళ్లే రావాలి. బంగాళాఖాతంలో వాయుగుండం అని వార్త వస్తే అక్టోబరైనా నవంబరైనా ప్రయాణం వాయిదా వేసుకోండి.

నాకు మాత్రం మార్చి, ఏప్రిల్ ఇష్టం. ఒక వాన పడ్డాక కాఫీ తోటలు తెల్లగా పూస్తాయి. సుంకరిమెట్ట దగ్గర కిటికీ దించితే మల్లెపూల లాంటి వాసన. పూత మూడు నాలుగు రోజులే ఉంటుంది, తేదీ చెప్పి రాదు. మంచు కావాలనుకునేవాళ్లకు ఆ కాలం నచ్చదు, మధ్యాహ్నం ఎండ ఉంటుంది. కానీ జనం ఉండరు, గది అడిగిన ధరకు దొరుకుతుంది.

ఇక మీ నాలుగు రోజులు. మొదటి రోజు రైల్లో అరకు చేరి, భోంచేసి, నాన్నగారిని ఒక గంట పడుకోనివ్వండి. సాయంత్రం గిరిజన మ్యూజియం, పద్మాపురం గార్డెన్స్ చాలు. గార్డెన్స్‌లో పాపకు చిన్న రైలు ఉంటుంది. గది పర్యాటక శాఖ వాళ్ల మయూరి లేదా హరిత వ్యాలీలో ముందే తీసుకోండి, కింది అంతస్తు కావాలని అడగండి. వేడినీళ్లు ఏ వేళలో వస్తాయో చేరగానే కనుక్కోండి. డిసెంబరు రాత్రులు పది డిగ్రీల కిందకు పోతుంది. హైదరాబాద్ స్వెట్టరు చాలదు. మంకీ క్యాపు, సాక్సులు, పాపకు రెండు పొరలు తప్పనిసరి. నాన్నగారి మోకాళ్లకు చలికి నొప్పి ఎక్కువవుతుంది, వేడినీళ్ల బ్యాగు తెచ్చుకోండి.

రెండో రోజు వంజంగి వెళ్దామని రాశారు. మబ్బుల సముద్రం చూడాలని అందరికీ ఉంటుంది. కానీ దానికి అరకులో తెల్లవారుజామున మూడింటికి లేవాలి, పాడేరు దాకా ఘాట్‌లో చీకట్లో వెళ్లాలి, ఆపైన కొండెక్కాలి. కొంత దూరం జీపులు వెళ్తాయి, చివరిది నడకే, రాళ్ల దారి. నాన్నగారికి కుదరదు, పాపకూ కష్టం. దాని బదులు అరకు దగ్గర్లోనే ఉన్న మాడగడ చూడండి. అదృష్టం ఉంటే అక్కడా మబ్బులు కాళ్ల కిందే ఉంటాయి. తర్వాత డుంబ్రిగూడ వైపు చాపరాయి వెళ్లండి. పరుపులా పరుచుకున్న రాతి మీద నీళ్లు జారుతుంటాయి. చూడ్డానికి లోతు లేనట్టే ఉంటుంది కానీ నాచు పట్టిన రాయి నూనె రాసినట్టు జారుతుంది. పాప చెయ్యి వదలకండి, నాన్నగారిని ఒడ్డునే కూర్చోబెట్టండి. మధ్యాహ్నం బొంగులో చికెన్ తినండి. కళ్ల ముందు వెదురు బొంగు నిప్పుల మీద కాల్చి విప్పి పెట్టేచోట తినండి, ముందే చేసి ఉంచింది వద్దు. పాపకు కారం తక్కువ వేయమని ముందే చెప్పాలి.

మూడో రోజు దిగడం. పొద్దున పాపకు పాలు ఇవ్వకండి, రెండు ఇడ్లీలు చాలు. పెద్దవాళ్లు పక్కన కూర్చుని ఎదురుగా రోడ్డు కనిపించే సీట్లో కూర్చోబెట్టండి. ఫోన్ ఇవ్వకండి, కిటికీ కొంచెం దించండి. వాంతుల మందు ఏదన్నది హైదరాబాద్‌లోనే పిల్లల డాక్టరును అడిగి తెచ్చుకోండి, దారిలో మెడికల్ షాపులో అడిగి వేయొద్దు. గాలికొండ దగ్గర పావుగంట, అనంతగిరిలో కాఫీ, పదకొండుకల్లా బొర్రా. గుహల లోపల దిగే మెట్లు, ఎక్కే మెట్లు చాలా ఉన్నాయి, తడిగా ఉంటాయి. నాన్నగారు కొద్ది మెట్లు దిగి, గుహ ఎంత పెద్దదో చూసి ఆగిపోతే మంచిది. మిగతావాళ్లు లోపలికి వెళ్లిరావడానికి గంట పడుతుంది. ఆయనతో ఒకరు ఉండండి. బయట కోతులు చేతిలో పొట్లం ఉంటే వదలవు, పాప చేతికి ఏమీ ఇవ్వకండి. డబ్బులు చేతిలో ఉంచుకోండి, సిగ్నల్ లేనిచోట ఫోన్‌పే పనిచేయదు.

అక్కడ భోజనం చేసి రెండింటికి బయలుదేరితే ఐదున్నర, ఆరుకల్లా విశాఖలో ఉంటారు. ఆ రాత్రికి హైదరాబాద్ రైలు తీసుకునేటట్టయితే ఎనిమిది తర్వాత బయలుదేరేదే తీసుకోండి. సాయంత్రం ఐదు ప్రాంతపు బండికి టికెట్ ఉంటే డ్రైవరును తొందరపెట్టాల్సి వస్తుంది, ఆ రోడ్డు మీద డ్రైవరును తొందరపెట్టకూడదు. నాలుగో రోజు విశాఖలో ఆగి సింహాచలం దర్శనం చేసుకుని వెళ్లగలిగితే నాన్నగారికి, అమ్మగారికి హాయిగా ఉంటుంది. కొండ మీదకు గుడి దాకా బండి వెళ్తుంది.

తేదీలు మార్చుకునే వీలుందో లేదో ఇంట్లో మాట్లాడి చెప్పండి. డిసెంబరు చివరి వారమే ఖాయమైతే, అరకులో రాత్రి ఉండకుండా అనంతగిరి, బొర్రా వరకే ఒక రోజులో చూసి వచ్చే ఏర్పాటు వేరే ఉంది, అది రాస్తాను.